వరండాలో నేర్పిన కంప్యూటరు

మా సార్ పోయారు. పోయిన వారం చంద్రగిరిలో, తన ఇంట్లో, పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగిపోయిందట. నేను పాఠాలు చెప్పే చిత్తూరు కాలేజీకి ఫోను వచ్చింది. బస్సెక్కి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆయన గురించి రాయాలంటే మనసు కాస్త కుదుటపడాలి అనుకున్నాను. కానీ ఆగడానికి వీల్లేకుండా పోయింది. ఆయన పనిచేసిన కాలేజీవాళ్ళు కొత్తగా కట్టిన కంప్యూటర్ ల్యాబును ఈ ఆయుధపూజ నాడు తెరుస్తున్నారు. అందులో సార్ ఫోటో పెట్టి, దాని కింద ఇత్తడి పలక మీద "తుది శ్వాస వరకు మా కళాశాలకు సేవలందించిన గురువర్యులు" అని చెక్కించబోతున్నారు. అది అబద్ధం. ఆయన్ను వాళ్ళు మూడేళ్ళ కిందటే తీసేశారు. పలక గోడకెక్కక ముందే ఈ సంగతి తెలిసినవాళ్ళను కలుపుకోవాలని ఇప్పుడే రాస్తున్నాను.

సార్‌ను ఎరగనివాళ్ళ కోసం మొదటినుంచి చెబుతాను. తొంభైల చివర్లో తిరుపతి నుంచి చంద్రగిరి వెళ్ళే దారిలో ఉన్న ఆ ప్రైవేటు కాలేజీలో నేను ఎం.సి.ఏ. చదివాను. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మా నాయన, అమ్మ మామిడిపండ్ల గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కూలీలు. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనే మొదలు. ఎం.సి.ఏ. తర్వాత ఎం.టెక్ ప్రవేశపరీక్ష రాయవచ్చని, రాసి నెగ్గితే నెలనెలా స్టైపెండు ఇచ్చి చదివిస్తారని నాకు చెప్పింది సారే. ఆయన చదివింది లెక్కల్లో ఎమ్మెస్సీ. కంప్యూటర్ సైన్సు సొంతంగా, పుస్తకాలు తెచ్చుకుని నేర్చుకున్నారు.

మా కాలేజీ ల్యాబులోకి పోవాలంటే గుడిలోకి పోయినట్టే, చెప్పులు వరండాలో విడిచి పోవాలి. లోపల ఏసీ. మిషన్ల మీద గుడ్డ తొడుగులు. మొదటి ఏడాది వారానికి ఒక గంట మమ్మల్ని రానిచ్చేవాళ్ళు. ఆ ఏడు ఆయుధపూజకు ల్యాబు అటెండరు మిషన్లన్నిటికీ భక్తిగా పూలదండలు వేసి, పసుపు కుంకుమ తడిపి బొట్లు పెట్టాడు. తెల్లటి పెట్టె మీద బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక, ఫ్లాపీ పెట్టే సందు కనిపిస్తే అక్కడ ధారాళంగా అద్దాడు. మర్నాడు చాలా ఫ్లాపీలు లోపలికి పోలేదు. పోయినవి బయటికి రాలేదు.

సార్ వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"మిషనుకు పూజ చేసినావు, సంతోషం. నైవేద్యం నోట్లోనే పెట్టాల్నా అబ్బా?"

"బొట్టు లేకుండా ఉంటే బోసిగా ఉండింది సార్," అన్నాడు అటెండరు ఏడుపు మొహంతో.

మేమందరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఆ నెపంతో యాజమాన్యం ల్యాబుకు తాళం వేయించింది. అప్పటినుంచి ప్రాక్టికల్ పరీక్షలకూ, ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడూ తప్ప తలుపు తెరవలేదు. బొట్టు పెట్టింది మేము కాదు. ఫీజులు కట్టింది మాత్రం మేమే.

సార్ ఎవరితోనూ గొడవపడలేదు. ల్యాబు ముందున్న వరండాలోనే, సాయంత్రం కాలేజీ వదిలాక, ప్రవేశపరీక్షకు చదివేవాళ్ళను కూర్చోబెట్టుకున్నారు. చొక్కా జేబునిండా సుద్దముక్కలు ఉండేవి. ఏ రంగు చొక్కా వేసుకున్నా జేబు మాత్రం తెల్లగానే ఉండేది. నేల మీద గుండ్రాలు గీసి, వాటిని గీతలతో కలిపి, ఇది నెట్‌వర్కు అనేవారు. ప్రోగ్రాము ఇచ్చి, మిషను చేసే పని మాచేతే చేయించేవారు. ఒకరు ఒక వేరియబుల్, ఇంకొకరు ఇంకొక వేరియబుల్. చేతిలో పలక. విలువ మారినప్పుడల్లా తుడిచి రాయాలి. పొరపాటున ముందే తుడిచేస్తే, "మిషను కంటే నీకే తొందర ఎక్కువగా ఉండాదే" అని దెప్పేవారు.

మామిడికాయల కాలంలో మా నాయన నన్ను చూడడానికి కాలేజీకి వచ్చాడు. వేళ్ళకు మామిడి పసుపు ఇంకా వదల్లేదు. నేల మీద గుండ్రాలూ, మా చేతుల్లో పలకలూ చూసి కంగారుపడ్డాడు.

"అయ్యోరూ, మా పిల్ల మిషను ముందర యాడ కూర్చుంటాది?"

"మిషను లేకుండానే నేర్పిస్తా ఉండానప్పా."

"నీళ్ళు లేకుండా ఈతా?"

"నీళ్ళుండాయి. బావికి బీగం ఏసినారు, అంతే," అన్నారు సార్, తాళం వేసిన తలుపు చూపించి.

నాయన పోయి ఆ తాళాన్ని ఒకసారి లాగి చూశాడు. వెళ్ళేముందు నన్ను పక్కకు పిలిచి, "ఆయప్ప మొగం సూస్తే మోసగాడిలా లేడు, నేర్సుకో" అని చెప్పి బస్సెక్కాడు.

నెట్‌వర్క్స్ పాఠం ఒకటి నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వరండా ఈ చివర నేను, ఆ చివర ఇంకో అమ్మాయి. నేను ఒక సుద్దముక్క పంపాలి. అది చేరాక అటువైపు నుంచి సగం ముక్క జవాబుగా రావాలి. దారి మధ్యలో సార్ నిలబడి, తనకు తోచినప్పుడు సుద్దముక్కను జేబులో వేసేసుకునేవారు.

"పంపినావు గదా. చేరిందా?" అని అడిగారు.

"చేరింటాది సార్."

"చేరింటాది అనేది పెండ్లి పత్రికలకు సరిపోతాది మే. ఈడ సరిపోదు. జవాబు వచ్చిందా?"

"రాలేదు."

"ఎంతసేపు సూస్తావు?"

"వచ్చేదాకా సార్."

"రానే రాకపోతే? ఈ వరండాలోనే ముసిల్దానివి అయిపోతావా? గడువు పెట్టుకో. గడువు దాటితే పోయిందనుకో. మళ్ళీ పంపు. అలిగి కూర్చోవద్దు."

పరీక్షలో ఆ అధ్యాయం నుంచి ఏం అడిగినా నాకు ముందు ఆ తెల్లటి జేబే గుర్తుకొచ్చేది.

ప్రశ్నల గైడ్లలో చివర జవాబుల పేజీలు ఉంటాయి కదా, కీ అంటారు. కొత్త గైడు కొనగానే సార్ ఆ పేజీలన్నిటినీ కలిపి పిన్నులు కొట్టేసేవారు. లెక్క చేసి, ఎందుకు అదే జవాబో చెప్పి, మిగతా మూడూ ఎందుకు కావో కూడా చెప్పాకే పిన్ను ఊడదీయాలి. ఒకరోజు నాకు ఒక చిన్న ప్రోగ్రాము వచ్చింది. ఒకటితో మొదలుపెట్టి, విలువ వంద దాటనంతవరకు ప్రతిసారీ రెట్టింపు చేస్తూ పోతే లూపు ఎన్నిసార్లు తిరుగుతుంది అని. నేను ఏడు అని వేశాను. పిన్ను తీసి చూస్తే కీలో ఆరు అని ఉంది. నేను గబగబా ఏడును చెరిపేసి ఆరు రాశాను. అచ్చులో ఉన్నదాన్ని కాదనే ధైర్యం మా ఇంటావంటా లేదు.

సార్‌కు అంత కోపం రావడం నేను మొదటిసారి చూశాను.

"ఎందుకు చెరిపినావు?"

"కీలో ఆరని ఉంది సార్."

"నువ్వు ఎట్లా లెక్కపెట్టినావో చెప్పు."

వేళ్ళు మడుస్తూ చెప్పాను. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫైరెండు, అరవైనాలుగు. ఏడు.

"మరి ఏ వేలు ఎక్కువ మడిచినావు?"

"ఏదీ లేదు సార్."

"కీ వేసినోడు కూడా అన్నం తినే మనిషే గదా మే. వానికి నిద్దర రాదా? తప్పు అచ్చులో పడితే ఒప్పు అయిపోతాదా? నీ లెక్క సరిగ్గా ఉంటే పుస్తకంలో దాన్నే దిద్దు. పెన్నుతో దిద్దు, పెన్సిలుతో కాదు."

దిద్దాను. చదువంటే అచ్చయినదాన్ని నమ్మడం అని అప్పటివరకు అనుకునేదాన్ని.

మా వరండా నుంచి ఏటా ఒకరిద్దరు ఎం.టెక్‌కు వెళ్ళారు. నేనూ వెళ్ళాను. వెళ్ళినవాళ్ళ ఫోటోలు కాలేజీ కరపత్రాల్లో వేసుకున్నారు. ఆ ఫోటోల పక్కన సార్ పేరు ఏ ఏడాదీ లేదు. కొన్నేళ్ళకు కొత్త నిబంధనలు వచ్చాయి. కంప్యూటర్ విభాగంలో ఎం.టెక్ చదివినవాళ్ళే ఉండాలన్నారు. ఎం.టెక్‌లను తయారుచేసిన మనిషిని ఎం.టెక్ లేదని పంపేశారు. లెక్కల విభాగంలోకి మార్చుకోవచ్చు. ఆ మాట ఎవరూ అనలేదు. వీడ్కోలు సభ లేదు, ఒక దండ లేదు. సెలవుల్లో తీసేశారు కాబట్టి పిల్లలకు చెప్పి వెళ్ళే వీలు కూడా లేకపోయింది.

ఆ ఉద్యోగం మా వరండాలో చదువుకున్నవాడికే వచ్చింది. అతను చేరాలా వద్దా అని అడగడానికి సార్ ఇంటికి వెళ్ళాడు. ఆ సంగతి అమ్మ, అంటే సార్ భార్య, నాకు చెప్పింది.

"పోయి చేరు రా," అన్నారట సార్. "నువ్వు కాదంటే ఇంకెవడో వస్తాడు. వానికి గ్రాఫులు రాకపోతే పిల్లోళ్ళ గతి ఏం గావాల?"

వంటింట్లోంచి అమ్మ కేకేసిందట. "రేపటికి బియ్యం ఎవురు పోస్తారో అది గూడా ఆ అబ్బాయినే అడగండి!"

అతని మీద నాకు కోపం లేదు. ఉందని తెలిసి ఉంటే సార్ ఒప్పుకునేవారు కూడా కారు. ఆ తర్వాత సార్ చంద్రగిరిలో ఇంటి ముందు అరుగు మీద పాఠాలు చెప్పారు. వచ్చేవాళ్ళు ఏటేటా తగ్గిపోయారు. తిరుపతిలో ఏసీ గదుల కోచింగులు వచ్చేశాయి.

తీసేసిన మరుసటేడు నేను సెలవుల్లో వెళ్ళినప్పుడు ఒక అల్గారిథమ్ మీద ఆయనకూ నాకూ వాదన వచ్చింది. ఆయన చేత్తో వేసి చూపించారు. అయినా నేను వదల్లేదు. "సరే, మిషను ఏమంటాదో ఒకసారి సూద్దాం పద" అని నన్ను కాలేజీకి తీసుకెళ్ళారు. అప్పటికి ల్యాబు రోజూ తెరుస్తున్నారు. సార్ అలవాటుగా వరండాలో చెప్పులు విడిచి తలుపు మీద చెయ్యి వేశారు. లోపలినుంచి అటెండరు వచ్చాడు. ఆనాడు బొట్లు పెట్టినవాడే.

"సార్, బయటోళ్ళను రానీయొద్దని చెప్పినారు సార్. నన్ను తిట్టుకోవద్దండి."

"నిన్నెందుకు తిడతాను అబ్బా," అన్నారు సార్.

తలుపు మూసుకుంది. మేం వరండా మెట్ల మీద కూర్చుని ఆ అల్గారిథమ్‌ను మళ్ళీ చేత్తోనే చేశాం. ఆయన చెప్పిందే సరి.

ఇప్పుడు అదే కాలేజీ ఆయన ఫోటో అడుగుతోంది. మంచి ఫోటో అమ్మ దగ్గర ఒక్కటే ఉంది. ఇవ్వలేదు.

"బతికినప్పుడు తలుపు తియ్యలేదు, పోయినాక గోడకు మేకు కొడతారంట," అంది నాతో. "ఆ మాట మారిస్తేనే ఫోటో. లేకుంటే నా ఇంట్లోనే ఉండనీ."

నేను కాలేజీ నడిపే కరస్పాండెంట్‌ను కలిశాను.

"పోయినాయన గురించి మంచి మాటే గదమ్మా రాయిస్తా ఉండేది? మేమే తీసేసినామని రాసుకుంటామా?" అన్నారు.

"తీసేశారని రాయొద్దు సార్. ఏ సంవత్సరం వరకు పనిచేశారో ఆ సంవత్సరం వెయ్యండి, చాలు."

"సంవత్సరం వేస్తే, తర్వాత ఏమైందని సూసినోళ్ళంతా అడగరా?"

"అడగాలనే సార్."

ఆయన నవ్వారు. "నీ ఒక్కదాని మాట మీద పలక మార్చేది లేదు తల్లీ. ఆయన దగ్గర చదివినోళ్ళంతా చెప్పనీ, అప్పుడు సూద్దాం" అన్నారు. వాళ్ళంతా ఎక్కడెక్కడో ఉన్నారనీ, ఒక్కచోటికి రారనీ ఆయన ధీమా.

అందుకే ఇది. ఆ వరండాలో కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ పేరు, చిరునామా, మీరు అక్కడ చదివిన సంవత్సరం, పలక మీద సరైన సంవత్సరం వెయ్యాలన్న ఒక్క వాక్యం రాసి ఈ పత్రిక చిరునామాకు పంపండి. మహాలయ అమావాస్యలోగా మీ జవాబు నాకు చేరాలి. పంపాననుకుని ఊరుకోవద్దు. చేరగానే మీకు తిరుగు జాబు రాస్తాను. అది రాకపోతే మీ ఉత్తరం దారిలో పోయిందనుకుని మళ్ళీ పంపండి. అచ్చులో పడిన తప్పును పెన్నుతో దిద్దాలని మనకు చెప్పిన మనిషి ఆయన.

ఆ రోజు మెట్ల మీది నుంచి లేచాక సార్ చెప్పుల కోసం మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళారు. ఒక చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కోబోయి ఆగారు. వట్టికాలును తలుపు కింది సందు దగ్గర పెట్టి కాసేపు అలాగే నిలబడ్డారు. ఆలస్యమవుతోందని పిలిస్తే, నా వైపు తిరక్కుండానే అన్నారు.

"ఉండు మే. లోపలి గాలి తగలతా ఉండాది. సల్లగా ఉండాది."