బొటనవేలి పూచీ

రోజూ పొద్దున టీ తాగేటప్పుడు పెద్దిరాజు కళ్లు మూసుకుంటాడు. అతని మెకానిక్ షెడ్డు నూజివీడులో, మామిడికాయల మార్కెట్టుకు పోయే రోడ్డు పక్కన. రోడ్డు మీద బండి వెళ్తే చప్పుడు విని అదేమిటో చెబుతాడు. అవునో కాదో భార్య పుష్పావతి చెప్పాలి.

"ముసునూరు ఆటో. సైలెన్సరు పగిలింది."

"అవును."

ముప్పై ఏళ్ల ఆట ఇది. అతను తప్పింది బహు తక్కువ. ఈ ఏడు తోటలు పూతకొచ్చాక మాత్రం బస్సును లారీ అన్నాడు. చిలకల గుంపు కీచుమంటూ నెత్తి మీదుగా పోతుంటే, "చిలకలు ఇటు రావట్లేదేంటే?" అన్నాడు. అతని చెవి తగ్గుతోందని పుష్పావతికి అర్థమైంది. అయినా అన్నిటికీ అవుననే అంది. చెవి పోయిందంటే అతనికిక మిగిలేదేమిటి?

పాత పెట్రోలు ఇంజన్లకు అతను టైమింగు, అంటే నిప్పురవ్వ పడే వేళ, పెట్టేది చెవితోనే. నిప్పురవ్వ వేళకంటే ముందు పడితే ఇంజను లోపల గులకరాళ్లు కొట్టుకున్నట్టు మోగుతుంది. ఆ మోత వినపడేదాకా, రవ్వ వేళను మార్చే డిస్ట్రిబ్యూటరు తిప్పి, వినపడగానే వెంట్రుకవాసి వెనక్కి తెస్తాడు. తర్వాత ఇంజను ఆపి, ముందున్న హ్యాండిలు తిప్పి స్టార్టు చేసి బండి అప్పగిస్తాడు. టైమింగు ముందుకుంటే హ్యాండిలు వెనక్కి తంతుంది. చుట్టి పడితే వేలు విరుగుతుందని ఎవరైనా బొటనవేలు విడిగా ఉంచి పడతారు. పెద్దిరాజు చుట్టి పడతాడు. తన పనికి అదే పూచీ.

కోతలు మొదలైన వారం రెడ్డిగూడెం తోటల ఆసామి బసవపున్నారావు అంబాసిడర్ తెచ్చాడు.

"ఏంటయ్యా పెద్దిరాజూ, మిట్ట ఎక్కనంటోంది. దిగి నెట్టుకోమంటావా?"

"నెడితే పొట్టన్నా తగ్గుద్దండీ."

"నీ నోటికి మాత్రం టైమింగు బానే ఉంది!"

పెద్దిరాజు ఇంజను మీదకు వంగి తిప్పుతున్నాడు. వెనక గ్లాసులు కడుగుతున్న పుష్పావతికి గులకరాళ్ల మోత వినిపించింది. అతను ఆగలేదు. ఇంకా తిప్పాడు. మోత రేకు డబ్బాలో కంకర ఆడించినట్టయింది. బసవపున్నారావు అదీ పనిలో భాగమే అనుకున్నాడు. పెద్దిరాజు మరో వెంట్రుకవాసి తిప్పి, బోల్టు బిగించి, ఇంజను ఆపాడు.

అతను హ్యాండిలు అందుకున్నాడు.

"ఏవండీ, సెల్ఫు కొట్టి ఇచ్చేయండి. హ్యాండిలెందుకిప్పుడు?"

"ఎప్పుడూ లేని భయం ఇవాళేంటే?"

"అది కాదు... చప్పుడు..."

"ఏం చప్పుడు?"

టీ వేళ జవాబు కోసం చూసినట్టే నవ్వుతూ చూశాడు. పక్కనే ఆసామి.

"ఏం లేదు," అంది.

అతను బొటనవేలు చుట్టి పట్టి, ఒక్క ఊపున తిప్పాడు. హ్యాండిలు సగంలో ఆగి వెనక్కి తన్నింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది.

ఆసుపత్రిలో కట్టు కడుతుండగా ఆమె అంతా చెప్పేసింది. పెద్దిరాజు ఆమె పెదవులనే చూస్తూ విన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"పూత కాలం నుంచి."



ఇప్పుడు ఆ షెడ్డులో పంచర్లు, బ్రేకుల పనులే జరుగుతాయి. పాత పెట్రోలు బండి వస్తే పెద్దిరాజు ఏలూరు తీసుకెళ్లమంటాడు.