వేరు పట్టిందో లేదో

నరసరావుపేటలో మా పక్కింటి పిన్ని ఏ మాటా చివరిదాకా వినేది కాదు. మధ్యలోనే లేచి, "ఉండమ్మా, చూసొస్తా" అంటూ పెరట్లోకి పోయేది. అక్కడ నాపరాళ్ల తొట్టిలో నాలుగు చేపలూ, ఒక కలువ దుంపా ఉండేవి. యుద్ధంలో లారీ తోలడానికి వెళ్తూ బాబాయి నాటిన దుంప అది.

మేక పెంటికలను నల్లరేగడి ముద్దలో పెట్టి, దుంప పక్కన లోతుగా గుచ్చాలి. ఎరువు మట్టిలోంచి బయటికి రాకపోతే చేపలకేమీ కాదు. పిన్నికి ఇదంతా తెలుసు. తెలిసీ, రెండ్రోజులకోసారి దుంపను పైకి లాగి వేరు చూసేది. నీళ్లు నల్లబడి చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేవి. బిందెలతో నీళ్లు మార్చలేక నా నడుం పడిపోయేది.

"ఏంది పిన్నీ, దాని మానాన దాన్ని ఉండనీయవా?" అని ఒకరోజు కసిరాను.

"బతికుందో లేదో తెలీకుండా ఎట్టా ఉండేదే?" అంది.

ఆ వారమే మిలిటరీ నుంచి ఉత్తరం వచ్చింది. కవరు మీద రాత బాబాయిది కాదు. పిన్నికి చదువు రాదు. నేను చింపబోతే చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. రేపు చదువుదువులే."

ఉత్తరం బియ్యం డబ్బాలోకి పోయింది. నెల దాటినా ఆ రేపు రాలేదు. అన్నాళ్లూ పిన్ని తొట్టి వైపు కూడా పోలేదు.

ఒక పొద్దున కలువ పూసింది. అది చూసి పిన్ని తనే ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టింది.

లోపల రాత మాత్రం బాబాయిదే. "నేను క్షేమం" అన్న మొదటి మాట చదివి తలెత్తేసరికి ఎదురుగా మనిషి లేదు. పెరట్లో, మోచేతుల దాకా తడిసి, పూసిన కలువను దుంపతో సహా పైకెత్తి వేరు చూస్తోంది.