పెద్దమ్మకు మందు పెట్టిందెవరు?

పొద్దున మా కోడలు నా మాత్రల డబ్బాలో కొత్తరంగు గోళీ ఒకటి వేసింది. పాతది దుకాణంలో దొరకలేదట. ఉద్యోగమంతా మందుల శాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, అయినా దాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్లద్దాలు పెట్టుకుని పేరు చదివితే గానీ మింగలేదు. ఈ అనుమానపు బుద్ధి మా పెద్దమ్మ నుంచి వచ్చినట్టుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను పాలమూరులో వైద్య విద్యార్థులకు మెదడు మీద పనిచేసే మందుల గురించి చెబుతుండేదాన్ని. అప్పుడే ఒకనాడు ఆత్మకూర్ దిక్కు పల్లె నుంచి పెద్దమ్మను ఫిట్స్ వస్తున్నాయని దవాఖానకు తెచ్చారు. చేతులు వణుకుతున్నాయి, కంటికి నిద్ర లేదు, దుప్పటి మీద లేని చీమలను దులుపుతోంది. తోడు వచ్చిన మరదలిని, అంటే ఆమె కోడలిని, మంచం దగ్గరికి రానివ్వడం లేదు. "గిదే నాకు మందు వెట్టింది" అని ఒకటే అరుపు. మనుషుల్ని గుప్పిట్లో పెట్టుకోవడానికి అన్నంలో పసరు కలుపుతారన్న భయం మా వైపు ఎంతుండేదో మీకు తెలియనిదా! పెద్దమ్మ కొడుకు, మా తమ్ముడైతే అప్పటికే భార్యను పుట్టింటికి పంపడానికి బట్టలు సర్దించాడు.

నేను పసరును నమ్మను గానీ, నా అనుమానం ఎవరినీ వదల్లేదు, మరదలితో సహా. డాక్టరు "మందు తాగుతవా అమ్మా?" అని అడిగితే, పెద్దమ్మ "థూ, మందు ముట్టే మనిషినా నేను!" అని కసిరింది. మేమూ నమ్మాం.

వరండాలో మరదలు కొంగు నోట కుక్కుకుని ఏడుస్తోంది. "సుగరుందని కల్లు బందు జేపిస్తి. గదే నేను జేసిన పాపమా వదినా?" అంది.

కల్లు! మా ఊళ్లలో సారా మందు, బ్రాందీ మందు, కల్లు మాత్రం కల్లే. పెద్దమ్మ అబద్ధం చెప్పలేదు. కానీ తాటిచెట్లు కరువైన ఊళ్లో కల్లు దుకాణపాయనకు అంత కల్లు ఎక్కడిది? నీళ్లలో నిద్రమాత్రల పొడి కలుపుతున్నాడని తర్వాత తేలింది. ఆ పొడి మెదడుకు బ్రేకు వేస్తుంది. రోజూ అలవాటైతే మెదడు తన సొంత బ్రేకు మరిచిపోతుంది. ఉన్నట్టుండి ఆపితే ఇదిగో, ఇలా ఫిట్స్. ఏటా తరగతిలో నేను చెప్పే పాఠమే మంచం మీద పడుకుని ఉంటే పోల్చుకోలేకపోయాను.

డాక్టర్లు అదే రకం మాత్ర కొలిచి ఇస్తూ మెల్లగా తగ్గించారు. పెద్దమ్మ తేరుకుంది, మరదలి బట్టలు మూటలోంచి మళ్లీ దండెం మీదికి చేరాయి. మందు పెట్టింది కల్లాయన, ఆపింది నీ కోడలు అని పక్కన కూర్చుని నచ్చజెప్పాను. "గట్లనా బిడ్డా" అని బుద్ధిగా విన్నది. ఇంతలో మరదలు జావ తెచ్చింది. "జర నువ్వు తాగి ఇయ్యి" అంది పెద్దమ్మ.

పోయేదాకా అంతే. ఇన్నేళ్ల కల్లులో ఒక్క సీసానైనా ఎవరినీ తాగి చూపమని అడగని మనిషి, కోడలి చేతి గిన్నెను మాత్రం ఏనాడూ నమ్మలేదు. మరదలు ఒక గుక్క తాగి ఇచ్చేది.

ఇప్పుడు కల్లుకు పరీక్షలొచ్చాయి, ఇలాంటి రోగిని చూడగానే పోల్చే పిల్ల డాక్టర్లూ ఉన్నారు. పొద్దున నేను గోళీ పేరు చదువుతుంటే మా కోడలు గుమ్మంలో నిలబడి చూసింది. నీళ్ల గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయింది. అచ్చం మరదలి మొహమే. రేపటి నుంచి చూడకుండా మింగుదామనే ఉంది నాకు. కళ్లద్దాల కోసం తడిమే ఈ చేయి ఊరుకోవాలి కదా.