‘ఎన్నో కాన్పు?’ అని అడిగిన రోజు

పుంగనూరులో మదనపల్లె బస్సెక్కబోతుంటే పక్కింటావిడ కనబడి ఎక్కడికని అడిగింది. చీరలకని చెప్పింది మా అత్త. నిజానికి పోతున్నది నన్ను లేడీ డాక్టరుకు చూపించడానికి. మూడో నెల నిండేదాకా కడుపు సంగతి గడప దాటకూడదన్నది మా ఇంట్లో చట్టం. ఆ చట్టం చేసిందీ, దానికి కాపలా కాసేదీ మా అత్తే.

ఇది తొంభైల చివరి మాట. మా అత్త నాకు మేనత్త కూడా, మా నాన్నకు సొంత అక్క. కుప్పంలో పుట్టి పెరిగిన నన్ను తన ఒక్కగానొక్క కొడుక్కు చేసుకుంది. పుంగనూరు బజారులో వాళ్ళకు కిరాణా అంగడి ఉండేది. ఆమె దగ్గర నాకు చనువెంతో భయమూ అంతే, రెండూ చిన్నప్పటి నుంచీ ఉన్నవే.

అంతకు ముందు ఏడాది కుప్పంలో అమ్మ దగ్గర ఉండగా నాకొక గర్భం పోయింది. ఆ మాట మళ్ళీ ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు అత్త. పోయిందని నోటితో అంటే అదే మళ్ళీ వస్తుందట. నాకు ఒళ్ళు మండేది. పోయింది నా బిడ్డ, ఏడవడానికి కూడా ఈమె అనుమతి కావాలా అనుకునేదాన్ని. ఇప్పుడు కడుపులో ఉన్నదైనా నిలుస్తుందా అన్న భయం రాత్రీ పగలూ ఉండేది. అది చెప్పుకునే దారి కూడా లేదు.

నర్సింగ్ హోములో బెంచీల నిండా ఆడవాళ్ళు. చౌడేపల్లె నుంచి, వాయల్పాడు నుంచి పొద్దున్నే వచ్చినవాళ్ళు టిఫిన్ డబ్బాలు విప్పుకుని తింటున్నారు. మొదటిసారి కడుపుతో డాక్టరు దగ్గరికి పోయే మా చుట్టాల పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, అక్కడ ఏం చేస్తారక్కా అని. ఏమీ చేయరు తల్లీ అని చెబుతాను. చెప్పులు విప్పించి బరువు చూస్తారు, చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు, చిన్న సీసా ఇచ్చి బాత్‌రూముకు పంపుతారు, కాస్త రక్తం తీస్తారు. అవన్నీ చిటికెలో అయిపోతాయి. కష్టమంతా ఆ తర్వాత అడిగే ప్రశ్నల్లోనే ఉంటుంది.

డాక్టరమ్మ వయసులో మా అత్త కంటే చిన్నది. నెమ్మదైన మనిషి. చివరిసారి నెలసరి ఎప్పుడని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపు అత్త అందుకుంది.

“ఉగాది ముందర మేడమ్.”

డాక్టరమ్మ నవ్వి, గోడ మీది క్యాలెండరు పేజీలు తిప్పి తారీఖు వెతుక్కుంది. “మీరు కాదమ్మా, అమ్మాయి చెప్పాలి” అంది. ఆ తర్వాత, “ఎన్నో కాన్పు?” అని అడిగింది.

“మొదటిదే” అంది అత్త. అంటూనే బల్ల కింద నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. డాక్టరమ్మ నన్ను మంచం మీద పడుకోబెట్టి పొట్ట చూసింది, ధనుర్వాతం రాకుండా ఒక సూది వేయించింది, మాత్రలు రాసింది. ఇక లేవబోతుంటే రక్తం రిపోర్టు వచ్చింది. అది చూసి మళ్ళీ కూర్చోమంది.

నా రక్తం నెగెటివ్ గ్రూపట. మా ఆయన గ్రూపు పాజిటివ్ అని నాకు తెలుసు, కాలేజీలో ఉండగా ఎవరికో రక్తం ఇచ్చాడు. ఆ మాట చెప్పాను. డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది.

“మొదటి కాన్పయితే భయం లేదు. కానీ ఇంతకు ముందు ఒక గర్భం వచ్చి పోయి ఉంటే, తండ్రి గ్రూపున్న ఆ బిడ్డ రక్తం తగిలి తల్లి ఒంట్లో విరుగుడు పుట్టి ఉండొచ్చు. అది ఈ బిడ్డ రక్తాన్ని విరిచేస్తుంది. అందుకే ఇంకోసారి అడుగుతున్నా. ముందు ఏమైనా పోయిందా?”

తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం ఇద్దరం. ఇప్పుడు చెప్పకపోతే బిడ్డకు ముప్పు, చెబితే అత్త నమ్మకం ప్రకారం అదీ ముప్పే. నేను ఆమె ముఖంలోకి చూశాను. నా మోకాలి మీది చెయ్యి ఆమె తీసేసింది.

“పొయ్యింది మేడమ్” అంది అత్త. “పోయినేడు కుప్పంలో పొయ్యింది. మూడో నెలలో. ఆ మాట అనకూడదని నేనే ఈ పిల్ల నోరు కట్టేసినా.”

“యాలమ్మా?” అంది డాక్టరమ్మ. మా యాసలో అడిగినందుకో ఏమో, అత్త తల దించుకుని చెప్పుకుపోయింది.

“వీళ్ళాయన కడుపులో ఉన్నప్పుడు ఎవురికీ సెప్పలేదు మేడమ్. వాడు దక్కినాడు. రెండోసారి సంతోషం పట్టలేక వీధంతా సెప్పుకున్నా. పుట్టినబిడ్డ పసుపు పూసినట్ల ఉండె, వారం తిరక్కుండానే పొయ్యింది. ఆ తర్వాత ఇద్దురూ అంతే. నా నోరే మింగేసిందని మా అత్త అనె. అదే నిజమనుకున్నా.”

నేను ఇదెప్పుడూ వినలేదు. మా ఆయనకు కూడా తెలియదు. ఒక్క కొడుకే ఎందుకని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు.

డాక్టరమ్మ నర్సును పిలిచి అత్త వేలి నుంచి ఒక చుక్క రక్తం తీయించింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పరీక్షంటూ ఎరగని మనిషి, కళ్ళు మూసుకుని వేలు చాచింది. కాసేపటికి జవాబు వచ్చింది. ఆమెదీ నెగెటివే. మేనత్తా మేనకోడలూ కదా, ఒకే ఇంటి రక్తం.

“ఆ పిల్లల రక్తం చూడకుండా ఇన్నేళ్ళ కిందటి సంగతి తేల్చి చెప్పలేనమ్మా. కానీ పిల్లలు పసుపు రంగులో పుట్టి పోయారంటే కారణం ఇదే అయ్యుంటుంది. మొదటివాడు దక్కి తర్వాతివాళ్ళు పోవడం ఈ జబ్బు లక్షణం.”

“అయితే నేను సెప్పుకున్నందుకు కాదా?”

“కాదు. మీరు చెప్పుకున్నందుకు కానే కాదు.”

అత్త ఏడవలేదు. కొంగు తీసి ముఖం తుడుచుకుంది. “ఈ పిల్లకు మందుండాదా?” అని మాత్రం అడిగింది.

ఉంది. ముందు నా రక్తంలో ఆ విరుగుడు పుట్టిందో లేదో చూడాలని తిరుపతికి పంపించారు. జవాబు వచ్చేదాకా అత్తకూ నాకూ అన్నం సహించలేదు. పుట్టలేదని తెలిశాక ఇద్దరం వంటింట్లో కూర్చుని పెరుగన్నం ఒకే గిన్నెలో తిన్నాం. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని అమ్మ పట్టుబట్టింది. మందూ మనుషులూ ఉన్న చోటే జరగాలని అత్త తన తమ్ముడితో, అంటే మా నాన్నతో, పోట్లాడి మదనపల్లెకే ఒప్పించింది. ఇక ముందు కూడా ఆ విరుగుడు పుట్టకుండా కాన్పయ్యాక నాకు వేయాల్సిన సూదిమందును మా ఆయన బెంగుళూరు నుంచి ఐసు డబ్బాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

కూతురు పుట్టింది. ఎర్రగా, కోపంగా, గుక్కపట్టి ఏడుస్తూ పుట్టింది. దానిది వాళ్ళ నాన్న గ్రూపే, కాబట్టి ఆ సూది నాకు వేశారు. ఆ తర్వాత పుట్టిన కొడుకూ క్షేమంగా ఉన్నాడు. ఈ ఇద్దరూ ఆ డాక్టరమ్మ ఓపిక వల్ల బతికారని నాకు తెలుసు. అంతకంటే ముందు, ముప్పై ఏళ్ళ నమ్మకాన్ని నా బిడ్డ కోసం ఒక్క మాటతో వదులుకున్న అత్త వల్ల బతికారు. ఆ రుణం తీరేది కాదు, తీర్చుకోవాలని నాకు లేదు కూడా.

కాన్పయిన మర్నాడు పొద్దున పాపను ఒళ్ళో వేసుకుని, వెలుతురుకు కిటికీ దగ్గర కూర్చుంది అత్త. పసుపు ఉందేమోనని అరచేతులు, కళ్ళు, కాలిగోళ్ళు అన్నీ చూసింది. చూసి చూసి, నా వైపు తిరక్కుండానే అంది.

“పొయ్యినోళ్ళలో నడిపిది ఆడబిడ్డే మే. దానికి అచ్చం నీ ముక్కే ఉండె.”