ఫ్లాపీల కోసం కలకత్తా

నా కెమెరాకు ఫ్లాపీలే ఆహారం. తీసిన ఫోటోలన్నీ వాటిమీదే దాచుకుంటుంది. డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజుల్లో కొన్నాను. చూడ్డానికి ఇటుకంత ఉంటుంది. విశాఖపట్నంలో ఫ్లాపీలు అమ్మడం ఎప్పుడో మానేశారు. ఇంట్లో కొత్త కంప్యూటర్‌కి ఫ్లాపీ పెట్టే చోటే లేదు. ఏడాదికో కెమెరా మార్చే మా బావమరిది నన్ను చూసి జాలిపడుతుంటాడు. చివరికి మా ఆవిడకు మాటిచ్చాను, కలకత్తాలోనూ దొరక్కపోతే కొత్తది కొనేస్తానని. ఆ క్షణం నుంచీ నాకు అన్నం సహించలేదు.

రాత్రి బండెక్కి మర్నాడు మధ్యాహ్నానికి హౌరాలో దిగాను. అక్కడినుంచి లోకల్‌లో తర్వాతి స్టేషనే లిలువా. ఆ ఊరి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మా మేనమామ సత్యానందం ఒకప్పుడు ఆఫీసుల్లోకి కంప్యూటర్లు రాకూడదని ఊరేగింపులు తీసిన యూనియన్ మనిషి. నా సంగతి వినగానే అన్నం పళ్ళెం వదిలి లేచాడు.

"పనిసేసేదాన్ని పారెయ్యమంతన్నారా? ఇదేటన్నాయం అల్లుడూ. రేపు నానొస్తాను, పద."

పొద్దున్న పదకొండుకు కలకత్తా కంప్యూటర్ల బజారు చాందనీ చౌక్‌లో ఉన్నాం. ప్రతి దుకాణంలోనూ నా కెమెరాను పక్కవాళ్ళను పిలిచి చూపించి, నవ్వుకుని తిరిగిచ్చారు. ఆఖరి దుకాణదారు మాత్రం మర్యాదస్తుడు. కుర్చీలు వేసి, మట్టిముంతల్లో టీ తెప్పించి, కొత్త మోడల్ ముందు పెట్టి మెల్లగా అన్నాడు.

"ఎటా ఆర్ చోల్బే నా, దాదా."

ఇది ఇంక పనిచేయదని ఆయన భావం. కానీ 'చోల్బే నా' అంటే 'సాగనివ్వం' అని కూడా. ఆ ఊళ్ళో ఏ ఊరేగింపుకైనా అదే నినాదం. ఆ మాట చెవిన పడితే మామయ్య పిడికిలి దానంతటదే లేస్తుంది. లేచింది. "చోల్బే నా, చోల్బే నా" అని అందుకున్నాడు. దారిన పోయే గుమస్తాలిద్దరు గొంతు కలిపారు. కాసేపట్లో వీధి నిండిపోయింది, బస్సులు ఆగిపోయాయి. దేనిగురించని ఒక్కరూ అడగలేదు. నా చెవి పక్కన మరీ గట్టిగా అరుస్తున్నదెవరా అని చూస్తే దుకాణదారే. తన దుకాణం మీదే అరుస్తున్నానని తట్టాక, లోపలికి పరుగెత్తి దుమ్ముకొట్టుకుపోయిన ఫ్లాపీల పెట్టె తెచ్చిచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఏదో గెలిచామని జనానికి అర్థమైంది. అందరికీ ఫోటో కావాలి, అదీ పిడికిలి ఎత్తి.

"అందర్నీ తియ్యల్లుడూ. గెలిసినోల్లు గదా," అన్నాడు మామయ్య.

సాయంత్రానికి పెట్టెలో ఒక్క ఖాళీ ఫ్లాపీ మిగల్లేదు.

రాత్రి తిరుగు బండిలో, చెరిపేసే బటన్ మీద వేలు పెట్టి కూర్చున్నాను. తెరమీద మామయ్య కళ్ళు మూసుకుని, నోరు తెరిచి ఉన్నాడు. నా వల్ల కాలేదు. ఈ మనుషులు ఈ కెమెరాలో తప్ప ఇంకెక్కడా కనిపించరు. అయినా నా మాట నిలిచింది. ఫ్లాపీలు దొరకాలంది గానీ, ఖాళీగా దొరకాలని మా ఆవిడ అనలేదు.

ఎదుటి సీట్లో సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగబ్బాయి నా ఇటుకను చూసి నొచ్చుకున్నాడు.

"ఇంకా ఇదేనా సార్? మార్చేయండి."

"చోల్బే నా," అన్నాను నెమ్మదిగా.

పై బెర్తులో కోతిటోపీ పెట్టుకుని గురకపెడుతున్న బెంగాలీ పెద్దాయన, కళ్ళు తెరవకుండానే, దుప్పట్లోంచి పిడికిలి పైకెత్తాడు.