దగ్గరి చూపు చాలన్న డ్రైవరు

మా పక్కింటి తమ్ముడు బస్సు డ్రైవరుగా పనిచేశాడు. వయసులో ఉండగా లేజరు చేయించుకుని కళ్లజోడు తీసేశాడు. అప్పటినుంచి రాత్రిపూట ప్రతి దీపం చుట్టూ వలయం కనబడేదట. ఒక రాత్రి బస్సు నడుపుతుంటే, ఎదురు లారీ దీపాల వలయంలో రోడ్డు దాటుతున్న ఒకామె అతనికి కనబడలేదు. ఆమె బతకలేదు. కోర్టు తప్పు లేదంది. అతను మాత్రం మళ్లీ స్టీరింగు పట్టలేదు.

ఇప్పుడు రెండు కళ్లకీ శుక్లాలు. ఆసుపత్రికి తోడు నేనే వెళ్లాను. విషయం తెలియకపోతే నాకు ముద్ద దిగదు.

డాక్టరమ్మ ఆపరేషనులో కంట్లో పెట్టే ఒక ఖరీదైన లెన్సు గురించి చెప్పింది. “దూరం, దగ్గర రెండూ కనిపిస్తాయి. కానీ రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు రావచ్చు.”

“వస్తే రానీ తమ్ముడూ. జోడు లేకుండా పెళ్లికొడుకులా తిరుగుదువు గాని,” అన్నాను.

“ఆ వలయంలో ఆమె ఇంకా నిలబడే ఉందక్కా,” అన్నాడు.



“అయితే మామూలు లెన్సే వేద్దాం. దూరానికా, దగ్గరికా? లేజరు చేసిన కన్ను కాబట్టి లెన్సు పవరు లెక్క కాస్త తప్పొచ్చు,” అంది డాక్టరమ్మ.

“దగ్గరికే. తప్పినా అటువైపే తప్పనివ్వండి. రోడ్డు నాకు కనబడకూడదు.”

ఆపరేషను బాగానే జరిగింది. ఇప్పుడు అతనికి కంచంలో మెతుకులు కనబడతాయి, దూరమంతా మసక. నేను వీధి చివర నుంచి వస్తుంటే, ఆ మసకలో ఎవరో ఆడమనిషి కనబడి గుమ్మంలో లేచి నిలబడతాడు. దగ్గరికొచ్చి “నేనే తమ్ముడూ” అనేదాకా కూర్చోడు.