లింకుకో చుక్క

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీకి నేను రోజూ సైకిలు మీదే వెళ్తాను. ఒక్క ఏడాదిలో రెండు చైన్లు తెగాయి. ఇంకోసారి ఆలస్యమైతే పనిలోకి రావద్దని మేస్త్రీ చెప్పేశాడు. ఆ ఆదివారం తెగిన చైను కాగితంలో చుట్టుకొని, అలాంటిదే కొందామని నరసరావుపేట బస్సెక్కాను.

పక్క సీటులో ఒక పెద్దాయన కూర్చున్నాడు. కాగితం చిరుగులోంచి చైను కనబడగానే చెయ్యి చాపాడు. అడ్డంగా ఎత్తి పట్టుకుంటే, లింకులన్నీ అరిగిపోయి అది పక్కకి విల్లులా వంగింది.

"నూనె ఎంత పోస్తన్నావు?"

"కారేదాకా పోస్తా బాబాయ్. ట్రాక్టర్లోంచి తీసిన పాత ఆయిలు," అన్నాను గొప్పగా.

ఆయన తెల్లబడ్డ నా చెప్పుల వంక చూశాడు. "బట్టీలో పనా? సున్నం దుమ్మంతా ఆ నూనెకే అంటుకుంటది. నువ్వు నూనె పోయట్లా, ఆకురాయి పెట్టి రాస్తన్నావు. లింకుకో చుక్క పొయ్యి, పైది పొడిగుడ్డతో తుడువు. రోజూ తుడవాల. వెనక ఫ్రీవీలు గూడా మార్చు. అరిగిన పళ్ళ మీద కొత్త చైను నిలవదు."

మాట్లాడుతూనే భుజం మీది కండువాతో ఆ తెగిన చైనునే తుడవసాగాడు.

"అది పారేసేదేగా బాబాయ్!"

"నా సైకిలు కొట్టు మూసేసి మూడేళ్ళయింది," అన్నాడు నీరసంగా. "చేతులకింకా తెలవలా."

దిగేటప్పుడు నల్లబడ్డ కండువానే మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

ఆ రోజు కొన్న చైను ఇంకా తిరుగుతోంది. సాయంత్రం ఒంటినిండా సున్నంతో ఇంటికొస్తాను. నిలబడే ఓపిక ఉండదు. అయినా ముందు చైను తుడిచి, తర్వాతే మొహం కడుక్కుంటాను.